ఎనిమిదో రాయి

నిన్న రాత్రి నా కూతురు ఫోన్లో ఒక పాట పెట్టింది.
బెంగుళూరు పిల్లోళ్లంట. రాక్ అంట.
"దక్షిణాది రాక్‌లో ఇది కొత్త తాళం నాయనా" అనె.
నేను ఒక పాత ఆంప్లిఫయరు కడుపు విప్పుకోని
సోల్డరింగు పెడతా ఉండా.
డ్రమ్ములు మొదలాయ.
ఏడు దెబ్బలు.
ఎనిమిదోది పడాల్సిన చోట
ఒక ఊపిరంత ఖాళీ.
మళ్లా ఏడు.
వేలు కాలింది కూడా తెలీలేదు నాకు.

ఆ ఖాళీకి ఊరుంది.
యర్రముక్కపల్లి దాటినాక ఒక రేకుల షెడ్డు,
దాంట్లో బండల పాలిషు మిషను,
మిషను చక్రం కింద ఎనిమిది రాళ్లు.
ఒకటి ఊడిపాయ.
"పీర్ల పండగ పోనీ, ఏపిస్తా" అన్నాడు సేటు.
మూడు పీర్ల పండగలు పాయ.
పొద్దన్నుంచి మాపుదాకా ఓబులేసు చెవుల్లో
ఏడు, ఖాళీ, ఏడు, ఖాళీ.
కాళ్లకింద నల్లటి బురద, ఒళ్లంతా నాపరాతి పిండి.
రాత్రి అన్నం తింటా తింటా
కంచం అంచు మీద అదే కొట్టేవాడు.
వాళ్లమ్మ తిట్టేది, దరిద్రమని.

ఆ దరిద్రం మా మైక్‌సెట్టు షాపుకు నడిచొచ్చింది.

ఎలీషా గిటారు తెచ్చినాడు. చర్చిది.
ఆదివారం తెల్లారేలోగా మళ్లా బీరువాలో పెట్టాల.
ఒక తీగె తెగితే
స్కూటరు క్లచ్చు వైరులో పోగు తీసి కట్టినాడు.
అది శ్రుతికి రాలేదు, కోపానికి వచ్చింది.
దూదేకుల పీరయ్య పెండ్లిబ్యాండు కోటు గుండీలు ఇప్పుకుంటా యిని,
"ఇది గుండం కాడి దెబ్బేరా అబ్బీ,
నిప్పుల్లో కాలు బెట్టే ముందర ఆగుతాం సూడు,
ఆ ఆగేది" అన్నాడు.
ఎలీషా ఒప్పుకోలేదు.
ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసినారు.
ఓబులేసు నవ్వినాడు:
"రాక్ అంటే బండే కదప్పా.
కడపోళ్లకు బండ సంగతి ఎవురు నేర్పాల?"

ఒక కాంట్రాక్టరు కొడుకు మెరవణిలో,
లారీ మీద, మా నాయన జెనరేటరుతో
ఒకే ఒక్కసారి వాయించినారు.
ఖాళీ వచ్చినప్పుడల్లా
పెండ్లికొడుకు గుర్రం కాలెత్తి ఆగె.
సినిమా పాట, సినిమా పాట అని అరిసినారు జనం.
ఎవురో చెప్పు ఇసిరినారు,
అది పోయి స్పీకరు కోనులో పడె.
పెండ్లికొచ్చిన ఇంజనీరింగు పిల్లోడు ఒకడు
టేపురికార్డరు ఎత్తి పట్టుకోని లారీ పక్కనే నడిచినాడు,
ఏడురోడ్ల కాడ్నించి బుగ్గవంక దాకా,
చెయ్యి మార్చకుండా.
వాడు బెంగుళూరోడో కాదో నాకు తెల్దు.
మొఖం గుర్తు లేదు. ఆ చెయ్యి గుర్తుండాది.

బాడుగ రాలేదు.
మా నాయన పుస్తకంలో ఇప్పటికీ బాకీ ఉండాది:
జెనరేటరు, డీజిలు, చెప్పు తగిలిన కోను,
నూటా డెబ్బై.

పొద్దున్నే ఓబులేసు ఇంటికి పోయినా.
ఫోను చెవికి ఆనించినా. ఎడమ చెవికి,
కుడిది మిషను తినేసింది గదా.
అరుగు మీద వేలితో కొట్టుకుంటా యిన్నాడు.
అయిపోయినాక చానాసేపు ఏమీ అన్లేదు.
"బాగా వాయించినారు.
కాకపోతే వీళ్లకు ఎనిమిది రాళ్లూ ఉండాయిరా.
ఒకటి తీసి పక్కన పెట్టుకోని వాయిస్తాండారు.
మనకు ఊడిపాయ."

నేను ఫోను జేబులో పెట్టుకుంటాంటే
చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండు. ఇంగోసారి పెట్టు.
ఆగే కాడ ఆ పిల్లోడు
ఊపిరి బిగబడతాండాడా, వదుల్తాండాడా,
అది యినాల."